నాలుగో యూనిట్‌లో పచ్చ బిళ్ళలు

నమోదు 1
జూన్ 3

ఆరేళ్ళుగా ఈ పుస్తకంలో రోజూ మొదట ఒకే వాక్యం రాస్తున్నాను: "అన్ని బిళ్ళలూ పచ్చగా ఉన్నాయి." ఈ రోజు కూడా పచ్చగానే ఉన్నాయి. కానీ ఉదయం టిఫిను దగ్గర దాలినాయుడు ఇడ్లీ కొరికితే దాని మీద రక్తం అంటింది.

వారం నుంచీ చిగుళ్ళు అలాగే కారుతున్నాయట. చొక్కా చేతులు మడిచి చూపించాడు. మోచేతుల కింద వంకాయ రంగు మచ్చలు. ఎక్కడా దెబ్బ తగల్లేదన్నాడు.

"బిళ్ళ ఏటన్నాది?" అని అడిగాను.

ఛాతీ మీది బిళ్ళని వేలితో తట్టాడు. "పచ్చ. సూడప్పా, పొద్దున్నించీ పచ్చే."

గాలిలో బెంజీన్ అనే విషపు ఆవిరి ఎక్కువైతే బిళ్ళ పసుపు తిరుగుతుంది, ఇంకా ఎక్కువైతే ఎరుపు. నిద్రలో కూడా తియ్యకూడదు. ప్రభుత్వమూ కంపెనీలూ కలిసి పెట్టిన రక్షణ మండలి వాటిని మాకు ఇస్తుంది. ఫ్యాక్టరీ ప్రతి యూనిట్‌లోనూ ఒక కార్మికుడు చేత్తో పుస్తకం రాయాలన్నది కూడా ఆ మండలి ఒప్పందంలోని మాటే. మా నాలుగో యూనిట్‌లో ఆ పని నాది. నా పేరు గొర్లె దమయంతి, పంపు ఆపరేటర్ని. చేతిరాత గుండ్రంగా ఉందని నాకు ఇచ్చామన్నారు. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి ఎవరికిచ్చినా ఒకటేనని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం షిఫ్ట్ ఇన్‌ఛార్జి ప్రకాశరావు వచ్చి దాలినాయుడి బిళ్ళ చూశాడు, చిగుళ్ళు చూడలేదు. "పళ్ళు సరిగ్గా తోముకోవయ్యా" అన్నాడు.

ఆ మాట కూడా రాశాను.

నమోదు 2
జూన్ 9

దాలినాయుడిని కొండ డిపోకి బదిలీ చేశారు. ముప్పై కిలోమీటర్ల అవతల, సముద్రం ఎప్పటికీ రాలేని ఎత్తులో ఉంటుంది ఆ డిపో. అక్కడ పని డబ్బాల మీద చీటీలు అంటించడం. మంచి గాలి, తేలిక పని. అందరూ వాడిది అదృష్టం అన్నారు.

నేను యూనిట్ పుస్తకం పాత సంపుటాలు ఇంటికి తెచ్చి తిరగేశాను, ఇది మాత్రం ఇంట్లో వేరే పుస్తకంలో రాస్తున్నాను. నాలుగేళ్ళలో మా యూనిట్ నుంచి కొండ డిపోకి వెళ్ళినవాళ్ళు దాలినాయుడితో కలిపి పన్నెండు మంది. పన్నెండు మందికీ బదిలీకి ముందు వారంలో ఏదో ఒకటి ఉంది. ఒకరికి కళ్ళు తిరగడం, ఒకరికి ముక్కు నుంచి రక్తం, ఒకామెకి తగ్గని జ్వరం. అన్నీ నా చేత్తో నేనే రాశాను. రాసినప్పుడు ఒక్కటీ నాకు పట్టలేదు.

కొండ డిపోలో జబ్బు చేస్తే అది కొండ డిపో లెక్కలోకి వెళుతుంది. నాలుగో యూనిట్ లెక్కలో పదకొండేళ్ళుగా జబ్బు లేదు.

ఈ రోజే మండలి కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చింది. పేరు హైమవతి. యాభై ఏళ్ళుంటాయి, గొంతు పైకి లేవదు. మేనేజర్ శ్రీకర్ గారి పక్కన నడిచింది, ఆయన గదిలోనే భోజనం చేసింది. పంపుల వైపు చూడలేదు. వెళ్ళేముందు నా బల్ల దగ్గర ఆగి పుస్తకం అడిగింది.

"బాగా రాస్తారు. దాలినాయుడు ఎవరు?"

నేను మేనేజర్ వైపు చూశాను. ఆయన నవ్వుతున్నాడు.

"బదిలీ మీద ఎల్లిపోనాడు మేడం" అన్నాను.

ఆమె ఆ పేజీని ఫొటో తీసుకుంది. ఎవరి కోసం తీసిందో నాకు తెలియదు. సాయంత్రం నుంచి ఆ ఒక్క పేజీ చింపేద్దామా అని ఆలోచిస్తున్నాను. పేజీలకు అంకెలు వేసి ఉన్నాయి, చింపితే తెలిసిపోతుంది.

నమోదు 3
జూన్ 20

మా అప్ప, అంటే మా అక్క, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయితే ఆవిడ ఊరు గుమ్మకొండ వెళ్ళి అయిదు రోజులు ఉన్నాను. ఈ రోజు తిరిగి వచ్చాను.

సెలవు నుంచి వచ్చేవాళ్ళు లాంచీ దిగిన చోటే గేటు హాల్లోకి వెళ్ళాలి. అక్కడ బిళ్ళ తీసి పెట్టెలో వేసి, రెండు రోజులు కూర్చుని జాగ్రత్తల సినిమాలు చూడాలి. రెండో రోజు సాయంత్రం బిళ్ళ తిరిగి ఇస్తారు. ఇది ఎప్పటి నుంచో ఉన్నదే. విశ్రాంతి అనుకుని అందరం ఇష్టపడతాం.

ఈసారి ఆ విశ్రాంతి దక్కలేదు. దాలినాయుడి చోటు ఖాళీ, ఇంకొకడికి జ్వరం. నేరుగా పంపు హౌసుకి రమ్మని ప్రకాశరావు ఫోన్ చేశాడు. మా ఆయన లాంచీ నడుపుతాడు కాబట్టి నన్ను వెనక రేవులో దించాడు.

రేవుకి ఇంకా వంద గజాలుండగానే బిళ్ళ పసుపు తిరిగింది. మా ఆయన చూసి లాంచీ వేగం తగ్గించాడు. "ఏదో లీకయినట్టున్నాది. దిగకు" అన్నాడు. కానీ గట్టు మీద మనుషులు మామూలుగా తిరుగుతున్నారు. అందరి బిళ్ళలూ పచ్చగా ఉన్నాయి. పంపు హౌసు గుమ్మంలో అడుగు పెట్టాను. నా బిళ్ళ ఎరుపెక్కింది.

పద్ధతి ప్రకారం అరిచాను. ఎవరూ కదల్లేదు. అందరూ తమ బిళ్ళల వైపు చూసుకుని, నా వైపు జాలిగా చూశారు.

ప్రకాశరావు పరుగున వచ్చాడు. కంగారు పడ్డాడు, కానీ గాలి గురించి కాదు. "హాలుకి వెళ్ళకుండా వచ్చేశారేంటి?"

"మీరే గదా రమ్మన్నారు."

"బిళ్ళ పాడైంది. ఇలా ఇవ్వండి."

జేబులోంచి ఇంకోటి తీసి నా చొక్కాకి తగిలించాడు. అది పచ్చగా ఉంది. పాతదాన్ని అరచేతిలో కప్పి పట్టుకుని వెళ్ళిపోయాడు. పాడైన వస్తువుని అలా ఎవరూ కప్పి పట్టుకోరు.

నమోదు 4
జూన్ 29

తొమ్మిది రోజులు ఆ గేటు హాలు గురించే ఆలోచించాను. బిళ్ళల పెట్టె పెట్టే చోటు నాకు తెలుసు. పంపు హౌసు గాలి గొట్టం ఆ గోడలోకే వస్తుంది. రెండు రోజులు ఆ గాలిలో ఉన్నాక బిళ్ళ పచ్చగా ఎందుకు మారుతుంది? ఒకటే కారణం తోచింది. కొత్తగా ఊరొచ్చినవాడికి చేపల వాసన రెండు రోజులే తెలుస్తుంది. బిళ్ళకి కూడా అంతే అయి ఉండాలి. గుమ్మకొండ గాలిలో అయిదు రోజులుండి నా బిళ్ళ ఆ అలవాటు మరిచిపోయింది.

ఊహ మీద పుస్తకం రాయకూడదు. అందుకని దాలినాయుడికి కబురు పెట్టాను.

కొండ డిపో వాళ్ళు ఇంటికొచ్చేటప్పుడు బిళ్ళ అక్కడే అప్పగించి రావాలి. ఆ నియమం ఎందుకో ఇన్నాళ్ళూ ఎవరమూ అడగలేదు. వాడు ఈ ఆదివారం బిళ్ళని అన్నం కారియరు అడుగున దాచి తెచ్చాడు. ముందు ఫ్యాక్టరీ కంచె దగ్గరికి వెళ్ళాం. బిళ్ళ బయటికి తీసి అయిదు నిమిషాలైనా కాలేదు, ఎరుపు.

"మనం కంచెకి ఇవతలే గదప్పా ఉన్నాం" అన్నాడు.

అక్కడి నుంచి మా కాలనీకి నడిచాం. సముద్రం పాత రోడ్డుని మింగేశాక కట్టిన గట్టు మీద మూడు వందల ఇళ్ళు. వాడి ఇంటి గుమ్మంలో వాడి భార్య కాంతం బియ్యం చెరుగుతోంది. లోపల రెండేళ్ళ పాప నిద్రపోతోంది. దాలినాయుడు బిళ్ళని పాప పక్కన చాప మీద పెట్టాడు. పసుపు.

కాంతం చేట పక్కన పెట్టి వచ్చి చూసింది.

"ఇది సెడిపోనాదా?" అని నన్ను అడిగింది.

"కాదమ్మా. ఇదొక్కటే బాగున్నాది" అన్నాను.

ఆమె పాపని లేపి భుజాన వేసుకుంది. మంచి గాలి ఎటువైపు ఉందో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది.

నమోదు 5
జులై 4

హైమవతి మళ్ళీ వచ్చింది. ఈసారి మేనేజర్ లేకుండా, మధ్యాహ్నం రేవులో లాంచీ కోసం ఎదురుచూస్తున్న నా పక్కకి వచ్చి నిలబడింది.

"ఇరవయ్యో తారీఖున మీ బిళ్ళ మార్చారట."

నేను అది పుస్తకంలో రాయలేదు. ఇంటి దగ్గర ఈ రెండో పుస్తకంలో రాసుకున్నాను. ఆమెకి ఎవరు చెప్పారు? ప్రకాశరావు చెప్పి ఉండాలి. అంటే వాళ్ళంతా ఒకటే.

"పాతది పాడైపోనాది మేడం."

"ఒప్పందానికి ఏడో అనుబంధం ఉంది. ఎప్పుడైనా చదివారా?"

"మాకు ఇవ్వనేదు."

"కార్మిక సంఘం ఆఫీసులో ఒక ప్రతి ఉండాలి. దాని కింద మూడు సంతకాలున్నాయి. ప్రభుత్వానిది ఒకటి, కంపెనీలది ఒకటి. మూడోది మీ సంఘానిది." ఆగి, నీళ్ళ వైపు చూస్తూ అంది. "ఆ ముగ్గురిలో ఎవరు వెనక్కి తీసుకున్నా అనుబంధం చెల్లదు. మండలి నిండు సభలో చెప్పాలి. వచ్చే సభ ఇరవై రెండున."

"మీరే ఎందుకు తీసుకోరు? మీరు ప్రభుత్వమే గదా."

"నేను ఇన్‌స్పెక్టర్ని. సంతకం చేసినవాళ్ళు నాకంటే చాలా పైన ఉన్నారు."

లాంచీ వచ్చింది. ఆమె ఎక్కలేదు. ఈ మాట చెప్పడానికే రేవుకి వచ్చిందన్నమాట. తప్పు మా సంఘం నెత్తిన పెట్టి ప్రభుత్వమూ కంపెనీలూ పక్కకి తప్పుకోవాలని చూస్తున్నాయా? నాకు అలాగే అనిపిస్తోంది. కానీ అప్పట్లో సంఘం కార్యదర్శి ఎవరో నాకు తెలుసు. మా బావ, అంటే మా ఆయన అన్నగారు, సన్యాసినాయుడు.

నమోదు 6
జులై 6

నిన్న సంఘం ఆఫీసులో ఏడో అనుబంధం చదివాను: బిళ్ళ తానున్న చోటి గాలినే మామూలు గాలిగా నేర్చుకోవచ్చట. బావ ఇంటి వెనక వల బాగు చేసుకుంటున్నాడు. డెబ్బై రెండేళ్ళు. నన్ను చూసి పీట చూపించాడు. నేను కూర్చోలేదు.

"ఏడో అనుబంధం మీద మీరే సంతకం పెట్టినారా బావా?"

చేతిలో సూది ఆగింది. "పెట్టినాను."

"బిళ్ళ అలవాటు పడిపోతాదని తెలిసే పెట్టినారా?"

"తెలిసే పెట్టినాను." వల పక్కన పడేశాడు. "నువ్వప్పుడు ఇక్కడికి రానేదు. పాత బిళ్ళలు గాలి కొంచెం అటూ ఇటూ అయితే సాలు, ఎరుపు. నెలకి ముప్పై సార్లు అలారం. ముప్పై సార్లూ ఉత్తదే. ఒకనాడు అందరూ ఒకేసారి మెట్లు దిగబోయి తొక్కుకున్నారు. ఇద్దరు సచ్చిపోనారు. ఒకడు నా సేతుల్లోనే పోయాడు దమయంతీ. ఉత్తుత్తి అలారానికి."

నేను పీట మీద కూర్చున్నాను.

"అప్పుడు ఆల్లిద్దరూ వచ్చినారు, గవర్నమెంటోడూ కంపెనీవోడూ. బిళ్ళకి సోటు నేర్పిస్తాం, మామూలు గాలి ఏదో దానికి తెలిస్తే ఉత్త అలారాలు మోగవు అన్నారు. నాకు మంచిమాటే అనిపించినాది. ఇప్పటికీ అది మంచిమాటే."

"మరి మామూలు గాలే సెడిపోతే?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. వాటి మీద కూడా మచ్చలున్నాయి. ముసలితనం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఎంతవరకూ నేర్సుకోవాలో హద్దు రాయమని నాను అడగనేదు" అన్నాడు. "ఆల్లు రాయనేదు. నాను అడగనేదు."

నాకు ఆయన మీద కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఆరేళ్ళు రోజూ పచ్చ పచ్చ అని రాసిన చెయ్యి నాది. ఇరవై రెండున సభకి వస్తారా అని అడిగాను. సూది మళ్ళీ తీసుకుని, "సొక్కా ఉతకమని ఇంట్లో మీ అక్కతో సెప్పు" అన్నాడు.

నమోదు 7
జులై 22

సభ ఫ్యాక్టరీ ఆఫీసు మేడ మీద జరిగింది. బల్లకి ఒక వైపు ప్రభుత్వ కార్యదర్శి, రెండో వైపు కంపెనీల ప్రతినిధి, చివర మేనేజర్ శ్రీకర్ గారు. హైమవతి గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ఆ ఉదయం గేటు పెట్టెలోంచి తీసి ఇచ్చిన అతిథుల బిళ్ళలు అందరి ఛాతీ మీదా పచ్చగా మెరుస్తున్నాయి. ప్రభుత్వమూ పరిశ్రమా చెయ్యీ చెయ్యీ కలిపితే ఏం సాధించవచ్చో ఈ పారిశ్రామిక జోన్ దేశానికి చూపించిందని కార్యదర్శి చదివాడు. పదకొండేళ్ళు, ఒక్క జబ్బూ లేదు.

సంఘానికి వెనక వరసల్లో పద్నాలుగు కుర్చీలుంటాయి. ఎప్పుడూ సగం ఖాళీ. ఈ రోజు నేను, బావ, కొండ డిపో నుంచి తెల్లారే బయలుదేరి వచ్చిన పన్నెండు మందీ కూర్చున్నాం. అందరూ చొక్కాల మీద కండువాలు కప్పుకున్నారు.

బావ లేచాడు. కాగితం లేదు.

"నాను గొర్లె సన్యాసినాయుడు. ఏడో అనుబంధం కింద మూడో సంతకం నాది. సంఘం కార్యదర్శి పదవి దిగిపోయినా ఆ సంతకం నా పేరు మీదే ఉన్నాది. ఎనక్కి తీసుకుంటన్నాను. రాసుకోండి."

"కారణం?" అని కార్యదర్శి అడిగాడు.

పన్నెండు మందీ కండువాలు తీశారు. పన్నెండు బిళ్ళలూ ఎరుపు.

ఒకే గది, ఒకే గాలి. బల్ల దగ్గర పచ్చ, వెనక వరసలో ఎరుపు.

శ్రీకర్ గారు నవ్వబోయాడు. "కొండ డిపో బిళ్ళలు పాతవి సార్. పైగా వీళ్ళు నియమం తప్పి తెచ్చారు. పాడైపోయాయి."

చెప్పాల్సింది అంతా సిద్ధం చేసుకుని లేచాను. నేను మొదలుపెట్టేలోపే హైమవతి కుర్చీలోంచి లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీసి, సీలు చింపి, లోపలి బిళ్ళని కార్యదర్శి ముందు పెట్టింది.

"ఇది రాజధాని స్టోరులో నా పేరు మీద తీసుకున్న కొత్త బిళ్ళ. ఈ గేటు పెట్టె ముఖం చూడలేదు. రసీదు ఇదిగోండి."

అందరం వంగి చూశాం. అది పసుపుగా తిరిగింది, మా కళ్ళ ముందే ఎరుపైంది.

మొదట కుర్చీ జరిగిన చప్పుడు శ్రీకర్ గారిది. ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా గుమ్మం వైపు నడిచాడు. నడక మెట్ల దగ్గర పరుగైంది. పదకొండేళ్ళుగా ఈ గాలి మంచిదని చెప్పిన మనిషి అందరికంటే ముందు బయటపడ్డాడు. ఆ తర్వాత కార్యదర్శి నెమ్మదిగా లేచి, "యూనిట్ ఆపించండి" అన్నాడు.

మెట్ల మీద దాలినాయుడు అందరికీ అడ్డంగా చేతులు చాచి నిలబడి, ఇద్దరిద్దరినే దిగనిచ్చాడు. బావ అందరికంటే చివర దిగాడు.

కింద హైమవతి నా పక్కకి వచ్చింది.

"ఆ డబ్బా ఎన్నాళ్ళుగా ఉన్నాది మేడం మీ దగ్గర?"

"మూడు నెలలు."

"మూడు నెలలు" అన్నాను.

"నేనొక్కదాన్నే బయటపెడితే ఆ బిళ్ళ కూడా పాడైనదే అయ్యేది దమయంతి గారూ. ముందు సంతకం వెనక్కి తీసుకోవాలి, మీరంతా లేవాలి."

నిజమే కావచ్చు. ఆ మూడు నెలలూ కాంతం పాప ఆ చాప మీదే పడుకుంది. అది కూడా నిజమే. రెండూ రాస్తున్నాను.

నమోదు 8
ఆగస్టు 30

పంపు హౌసు నేల కింద గొట్టాల అతుకు ఒకటి కుళ్ళిపోయి ఉంది. ఒక్కరోజులో కుళ్ళింది కాదు. ఏళ్ళ తరబడి రోజుకింత కారింది, రోజుకింత మామూలైపోయింది.

కాలనీలో అందరికీ రక్త పరీక్షలు చేశారు. దాలినాయుడు రాజధాని ఆసుపత్రిలో ఉన్నాడు. వాడి కాగితం మీద జబ్బు కారణం దగ్గర "బెంజీన్, నాలుగో యూనిట్" అని రాశారు. ఆ గడి నింపిన మొదటి కాగితం అదేనట. కాంతం దాని నకలు తెచ్చి నాకు చూపించింది. సంతోషించాలో ఏడవాలో మా ఇద్దరికీ తెలియలేదు. పాప రక్తం బాగానే ఉంది. మళ్ళీ మూడు నెలలకి చూడాలన్నారు.

యూనిట్ ఆగింది కాబట్టి కాలనీలో సగం మంది నాతో మాట్లాడటం లేదు. నిన్న రేవులో ఒకావిడ నాకు వినబడేలా, "పచ్చగా ఉన్న కాపురాలు కూల్చేసినాది" అంది. నేను తిరిగి ఏమీ అనలేదు. వాళ్ళ పొయ్యిలు ఆరిపోతాయన్న భయం ఉత్త భయం కాదు. ప్రకాశరావు కూడా ఉద్యోగం పోయి గట్టు మీద కూర్చుంటున్నాడు. పెట్టె సంగతి తనకి తెలుసనీ, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదనీ అన్నాడు. నమ్మాలో వద్దో తేల్చుకోలేదు.

కొత్త ఒప్పందం మీద సంతకానికి సంఘం ఈసారి నా పేరు ఎన్నుకుంది. బావే ప్రతిపాదించాడు.

నమోదు 9
సెప్టెంబరు 12

ఉదయం పది గంటలకి మండలి ఆఫీసు. కొత్త ఒప్పందం నలభై పేజీలు. కార్యదర్శి, కంపెనీల ప్రతినిధి, హైమవతి. బిళ్ళకి హద్దు అంకెల్లో రాశారు. గేటు పెట్టె తీసేశారు. కాలనీకి వేరే బిళ్ళలు. అన్నీ మేము అడిగినవే. కలం మూత తీసి నా ముందు పెట్టారు.

నేను మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ప్రతినిధి గడియారం చూసుకున్నాడు. ఇరవయ్యో పేజీకి వచ్చేసరికి టీ రెండుసార్లు వచ్చి వెళ్ళింది.

"ఇక మీరు నమ్మవచ్చు దమయంతి గారూ" అంది హైమవతి మెల్లగా. "అందరం కలిసే రాశాం."

"పాతది కూడా అందరూ కలిసే రాసినారు మేడం."

ఇరవై తొమ్మిదో పేజీలో ఆగాను. బిళ్ళ ఎరుపైతే "సహేతుకమైన వ్యవధిలో" యూనిట్ ఆపాలని ఉంది.

"ఈ సహేతుకం అంటే ఎన్ని నిమిషాలు?"

కార్యదర్శి ప్రతినిధి వైపు చూశాడు. ప్రతినిధి కార్యదర్శి వైపు చూశాడు. పరిస్థితిని బట్టి ఉంటుందని ఒకరు, ఆ వివరాలు తర్వాత నియమావళిలో వస్తాయని ఇంకొకరు అన్నారు. నేను కలం మూత పెట్టి, వాళ్ళ వైపు జరిపాను.

ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ కలం ముట్టుకోలేదు. నాకు తొందర లేదు. మా ఆయన లాంచీ సాయంత్రం దాకా రేవులోనే ఉంటుంది.

చివరికి కార్యదర్శి కలం తీసుకుని ఆ మాట కొట్టేసి, పైన "10 నిమిషాలు" అని రాశాడు. ప్రతినిధి పక్కన పొడి అక్షరాలు వేశాడు. ఇద్దరూ కాగితం నా వైపు తిప్పారు.

చదివాను. 'పది' అని అక్షరాల్లో కూడా రాయమని తిరిగి ఇచ్చాను.